వాద్యంలో రెండో తీగ

రేపల్లె దగ్గర ఒక ఊరి తిరునాళ్లలో హరిశ్చంద్ర కాటిసీను నడుస్తోంది. రాత్రి రెండు దాటింది. హార్మోనియం శ్రుతి అందించగానే హరిశ్చంద్రుడు పద్యం ఎత్తుకున్నాడు. నాలుగో పాదం చివర రాగం పైకి తీసుకుపోతున్నాడు. సరిగ్గా అక్కడ మైకులో ఫట్‌మని చప్పుడు, ఆ వెంటనే గరగర, ఆపైన నిశ్శబ్దం. నటుడు ఆగలేదు. రెండడుగులు ముందుకు వచ్చి ఉత్త గొంతుతోనే రాగం పూర్తిచేశాడు. ముందు వరసల వాళ్లు వన్స్‌మోర్ అని కేకలు వేశారు. వెనక చాపల మీద కూర్చున్న వాళ్లకు మాత్రం ఆ రాగం సగంలోనే తెగిపోయింది.

అప్పట్లో నేను మైకు సెట్టు పక్కన కూర్చుని వైర్లు అందించే కుర్రవాణ్ణి. తెల్లవారాక ఆ కేబుల్ పిన్ను విప్పి చూశాం. వైరును గట్టిగా పట్టుకోవలసిన బిగింపు వదులుగా ఉంది. మైకు అటూ ఇటూ కదిలినప్పుడల్లా ఆ లాగుడంతా టంకం మీద పడింది. సన్నటి రాగిపోగులు ఒక్కొక్కటే తెగుతూ వచ్చి, చివరిది రాగం మధ్యలో తెగింది. నెలల తరబడి సాధన చేసిన పద్యం వేలెడు రాగి దగ్గర ఆగిపోయింది. ఆ రోజు నుంచి కేబుల్ని వట్టి వైరుగా చూడలేకపోయాను.

మా ప్రాంతం గొంతును నమ్ముకున్న ప్రాంతం. తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అన్నారంటే అందులో నాటకాల వాటా పెద్దది. శ్రీకృష్ణ తులాభారంలో సత్యభామగా పేరు మోసిన స్థానం నరసింహారావు 1902లో బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభలో వెలిగి, 1956లో పద్మశ్రీ అందుకున్నారు. ఈలపాటతో పద్యానికి కొత్త రెక్కలు తొడిగిన కల్యాణం రఘురామయ్యది గుంటూరు జిల్లా సుద్దపల్లి. ఎస్. జానకి 1938లో రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టారు. మైకు ఊరూరికీ రాకముందు ఎదిగిన నటులు గొంతుతోనే చివరి వరస దాకా అందుకునేవారు. మైకు వచ్చాక గొంతుకు విశ్రాంతి దొరికింది, సన్నని గమకం కూడా వెనక వరసకు వినిపించే వీలు కలిగింది. దాంతోపాటు గొంతుకీ జనానికీ మధ్య ఒక తీగ వచ్చి కూర్చుంది.

డప్పు కళాకారుడు వాయించబోయే ముందు డప్పును తానే సెగకు కాచుకుంటాడు. మృదంగ విద్వాంసుడు ఎడమ మూతకు రవ్వముద్ద తానే అద్దుకుంటాడు. వైణికుడు తెగిన తీగను తానే మార్చుకుంటాడు. వాద్యాన్ని ఇంకొకరి చేతిలో పెట్టి ఊరుకునే అలవాటు మన సంగీతంలో లేదు. కేబుల్ అనే ఈ రెండో తీగ విషయంలోనే సొంతంగా చూసుకునే పద్ధతి తప్పాం. గుళ్లో భజన బృందమైనా, చర్చిలో కీబోర్డూ గిటారూ వాయించే పిల్లలైనా, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రా అయినా, నాటక సమాజమైనా కేబుల్ కూడా వాద్యంలో భాగమేనని గుర్తించాలి. దాన్ని ఎంచుకోవడం, కట్టుకోవడం, బాగుచేసుకోవడం నేర్చుకోవాలి. ఒక ఆదివారం మధ్యాహ్నం చాలు, పని పట్టుబడుతుంది.

ఏ పనికి ఏ వైరు

మొదట తెలుసుకోవలసింది, వైర్లన్నీ ఒకే జాతివి కావని. మైకు నుంచి వచ్చే సంకేతం కొన్ని మిల్లీవోల్టులు మాత్రమే. అంత బలహీనమైన దాన్ని యాంప్లిఫయర్ వేల రెట్లు పెంచుతుంది. దారిలో చేరిన రొద కూడా దాంతోపాటే పెరుగుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్‌ది కాబట్టి రక్షణ లేని వైరులోకి అదే బుయ్యిమనే హమ్ముగా దూరుతుంది. స్టేజీ లైట్ల డిమ్మర్లు పక్కనే ఉంటే దానికి జీరుమనే గోల తోడవుతుంది.

దీనికి మందు మైకు కేబుల్ కట్టుబడిలోనే ఉంది. అందులో మెలిపెట్టిన రెండు వైర్లు, వాటి చుట్టూ షీల్డు ఉంటాయి. ఒక వైరులో సంకేతం సూటిగా వెళుతుంది, రెండోదాంట్లో తలకిందులుగా వెళుతుంది. బయటి రొద మాత్రం రెండింటి మీదా ఒకేలా పడుతుంది. చేరే చోట మిక్సరు రెండింటి తేడాను మాత్రమే తీసుకుంటుంది. ఒకేలా ఉన్న రొద అక్కడ కొట్టుకుపోతుంది, పాట మిగులుతుంది. దీన్నే బ్యాలెన్స్‌డ్ లైను అంటారు. పాటగాడి నుంచి మిక్సరు వంద మీటర్ల దూరంలో ఉన్నా స్వరం శుభ్రంగా అందేది ఈ ఉపాయం వల్లే.

గిటారుకూ కీబోర్డుకూ సాధారణంగా వాడే జాక్ కేబుల్లో సంకేతానికి ఒకే వైరు, దాని చుట్టూ షీల్డు ఉంటాయి. ఆ కొట్టివేత ఇక్కడ జరగదు. గిటారుకు ఇంకో చిక్కు కూడా ఉంది. ఇలాంటి కేబుల్ మీటరుకు సుమారు 100 పికోఫారడ్ల కెపాసిటెన్సు మోస్తుంది. ఆరు మీటర్లకు 600 అవుతుంది. పొడవు పెరిగేకొద్దీ గిటారు పికప్ నుంచి వచ్చే తారస్థాయి మెరుపు మందగిస్తుంది. అందుకే ఈ కేబుల్ని ఐదారు మీటర్లు దాటనివ్వకూడదు. మిక్సరు దూరంగా ఉంటే, ఈ సంకేతాన్ని బ్యాలెన్స్‌డ్ లైనుగా మార్చే డీఐ బాక్సును స్టేజీ మీదే పెట్టి, అక్కడి నుంచి మైకు కేబుల్ వేసుకోవాలి.

స్పీకరు వైరుది వేరే లెక్క. దానికి షీల్డు అక్కర్లేదు, రాగి దండిగా కావాలి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు వంద మీటర్లకు దాదాపు 1.7 ఓములు అడ్డుపడుతుంది, రానూపోనూ 3.4. ఎనిమిది ఓముల స్పీకరుకు అంత దూరం అలాంటి వైరు వేస్తే, దగ్గరగా కలిపినప్పుడు అందే శక్తిలో సగమే చేరుతుంది. ఊరి చివర తాటిచెట్టుకు కట్టే గొట్టాలకు ట్రాన్స్‌ఫార్మర్లు బిగించి 100 వోల్టుల లైను వేసేది ఇందుకే. వోల్టేజి పెరిగితే అదే శక్తికి తక్కువ కరెంటు సరిపోతుంది, దారిలో నష్టం తగ్గుతుంది. ఇక మైకు వైరును స్పీకరుకూ, స్పీకరు వైరును గిటారుకూ ఎప్పుడూ వాడకూడదు. మొదటిది వేడెక్కుతుంది, రెండోది హమ్మును పిలుచుకొస్తుంది.

కొనేటప్పుడు చేత్తో చూడాలి

కొట్లో వైరు ముక్క అడిగి, పైతొడుగు ఒలిచి చూడండి. షీల్డు మూడు రకాలుగా ఉంటుంది. అల్యూమినియం రేకు చుట్టింది రొదను బాగా ఆపుతుంది గానీ పదేపదే వంచితే చిట్లుతుంది. గోడలో శాశ్వతంగా పరిచే లైన్లకు అది మేలు. రాగిపోగులు ఒకే వైపు చుట్టింది మెత్తగా వంగుతుంది, అయితే వాడేకొద్దీ పోగుల మధ్య సందులు పడతాయి. జడలా అల్లింది గట్టిది, స్టేజీ మీద తొక్కుళ్లను ఓర్చుకుంటుంది. రోజూ ఊళ్లు తిరిగే బృందం జడ అల్లికనే కొనుక్కోవాలి. లోపలి వైర్లలో లావు పోగులు కొన్ని ఉన్నదానికంటే సన్నపోగులు ఎక్కువ ఉన్నది ఎక్కువ వంపులు తట్టుకుంటుంది.

వైరును వంచి వదిలి చూడండి. మొండిగా మడత నిలబడితే చుట్టడానికి రాదు. జాక్ కేబుల్ అయితే యాంప్లిఫయర్‌కు కలిపి నేలకేసి తట్టి వినండి. దబదబ శబ్దం వస్తే పాటగాడి అడుగులు కూడా జనానికి వినిపిస్తాయి. మంచి గిటారు కేబుల్లో షీల్డు లోపల సన్నని నల్ల ప్లాస్టిక్ పొర ఉంటుంది. ఆ చప్పుడును అణిచేది అదే. బంగారు పూత, ఆక్సిజన్ లేని రాగి అనే మాటలకు అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు. పది మీటర్ల కేబుల్లో వాటి తేడా చెవికి అందదు. ఆ డబ్బు మంచి పిన్నుకు పెట్టండి.

మూడు కాళ్ల పిన్నును మనవాళ్లు కెనాన్ అని పిలవడానికి కారణం లాస్ ఏంజెలెస్‌కు చెందిన కెనాన్ కంపెనీ. దాని ఎక్స్ రకం పిన్నుకు లాక్, ఆపైన రబ్బరు చేరి ఎక్స్ఎల్ఆర్ అయింది. కొట్లలో పి-38 అని అడిగే 6.35 మిల్లీమీటర్ల జాక్ పుట్టింది పందొమ్మిదో శతాబ్దపు టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో. ఆపరేటర్లు రోజంతా గుచ్చుతూ తీస్తూ ఉండేందుకు చేసిన ఆకారం కాబట్టే స్టేజీ మీద ఇంతకాలం నిలిచింది. నాసిరకం పిన్నును గుర్తుపట్టడం తేలిక. టంకం వేడికి లోపలి ప్లాస్టిక్ కరిగి కాళ్లు ఒరిగిపోతాయి. బిగింపు పైతొడుగుకు అందదు. ఆ తిరునాళ్ల రాత్రి మా కొంప ముంచింది అలాంటి బిగింపే.

టంకం పెట్టే వరస

పని మొదలుపెట్టే ముందు పిన్ను మూతనూ స్లీవునూ వైరుకు ఎక్కించుకోవాలి. టంకం అంతా అయ్యాక మూత బల్ల మీదే ఉండిపోవడం ఈ పని నేర్చుకునే ప్రతివాడికీ జరుగుతుంది. పైతొడుగును రెండు సెంటీమీటర్లు, లోపలి వైర్లను మూడు నాలుగు మిల్లీమీటర్లు ఒలవాలి. బ్లేడు పోగులను తాకకూడదు. ఒక్క పోగుకు గాటు పడినా అక్కడి నుంచే తెగడం మొదలవుతుంది. షీల్డు పోగులను విప్పి, ఒక తాడుగా పేని, కొనకు టంకం పూయాలి. వైర్ల కొనలకూ, పిన్ను గిన్నెలకూ ముందే పలుచగా టంకం పట్టించుకోవాలి.

అరవై పాళ్లు తగరం, నలభై పాళ్లు సీసం ఉన్న టంకం తీగ 183 డిగ్రీల దగ్గర మెత్తబడి 190కి పూర్తిగా కరుగుతుంది. ఐరన్ మొన 350 డిగ్రీల ప్రాంతంలో ఉంటే పని చకచకా సాగుతుంది. పట్టు అంతా ఇక్కడే ఉంది. టంకాన్ని ఐరన్ మీద కరిగించి వైరు మీద చుక్కలా రాల్చకూడదు. వైరునూ గిన్నెనూ కలిపి వేడిచేసి, ఆ వేడికే టంకం కరిగి పారేలా చూడాలి. రెండు మూడు సెకన్లు చాలు. చల్లారేదాకా చెయ్యి కదలకూడదు, నోటితో ఊదకూడదు. మంచి టంకం నిగనిగలాడుతూ అంచుల్లోకి పాకి ఉంటుంది. మసకగా, ఇసకరేణువుల్లా కనిపిస్తే అది పైపైన అంటింది, మళ్లీ వేడిచేయాలి. పిన్ను కాళ్లు ఒరగకుండా ఉండాలంటే టంకం పెట్టేటప్పుడు దాని జోడీ పిన్నును గుచ్చి ఉంచండి. ఇది పాత మైకు మేస్త్రీల కిటుకు. సీసం చేతికి అంటుకుంటుంది కాబట్టి అన్నానికి కూర్చునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోవాలి.

కెనాన్ పిన్నులో వరస ప్రపంచమంతా ఒకటే. ఒకటో కాలుకు షీల్డు, రెండో కాలుకు సూటి వైరు, మూడో కాలుకు తలకిందుల వైరు. రెండు కొనల్లోనూ ఇదే వరస ఉండాలి. ఒక కొనలో రెండూ మూడూ తారుమారైతే పాట వినిపిస్తూనే ఉంటుంది. రెండు మైకులు కలిసి పనిచేసేటప్పుడు మాత్రం శబ్దం పీలగా మారిపోతుంది, కారణం దొరకక గంటలు పోతాయి. చివరగా బిగింపు వైరు పైతొడుగునే పట్టుకోవాలి, లోపలి వైర్లను కాదు. లాగుడంతా బిగింపు మోస్తే టంకం వందల రాత్రులు నిలుస్తుంది.

తరవాత మల్టీమీటరుతో కాలుకు కాలు చూడాలి. ఒకటి నుంచి ఒకటికి దారి ఉండాలి, ఒకటి నుంచి రెండుకు ఉండకూడదు. చూస్తూనే వైరును పిన్ను దగ్గర వంచి, తిప్పి, లాగాలి. బల్ల మీద కదలకుండా పాసయిన కేబుల్ స్టేజీ మీద ఫెయిలవుతుంది. చివరి పరీక్ష చెవితోనే. కండెన్సర్ మైకుకు అదే కేబుల్లో 48 వోల్టులు వెళ్తాయి కాబట్టి, ఏమాత్రం లూజ్ ఉన్నా ఫట్‌మని తెలిసిపోతుంది.

ఉప్పుగాలిలో పదికాలాలు

బాపట్ల నుంచి సూర్యలంక సముద్రం తొమ్మిది కిలోమీటర్లే. రేపల్లె వైపు వెళితే నిజాంపట్నం రేవు. క్రిస్మస్ రాత్రుల్లో, గంగమ్మ జాతరల్లో అక్కడ వాయించి వచ్చిన కేబుళ్లకు ఉప్పుతేమ పడుతుంది. రాగి ముందు నల్లబడి, తరవాత పచ్చగా చిలుముపడుతుంది. ఇంటికి రాగానే పొడిగుడ్డతో తుడిచి, పిన్నుల కాళ్లను ఐసోప్రొపైల్ ఆల్కహాలు అద్దిన గుడ్డతో శుభ్రం చేయాలి. తడిగా పెట్టెలో పడేయకూడదు. కోతల తరవాత పొలాల్లోని ఎలుకలు ఇళ్లలోకి చేరతాయి కాబట్టి మూత గట్టిగా పడే పెట్టె కావాలి.

కేబుల్ చుట్టడంలో కూడా విద్య ఉంది. మోచేతికీ అరచేతికీ మధ్య తాడులా చుడితే ప్రతి చుట్టూ లోపలి పోగులకు ఒక మెలి పెడుతుంది. ఒక చుట్టు పైనుంచి, తరవాతి చుట్టు కిందినుంచి వేస్తూ పోతే మెలికి మెలి చెల్లిపోతుంది. విసిరినప్పుడు ముడిపడకుండా పరుచుకుంటుంది. పాత చీర పేలికతో వదులుగా కట్టి, పొడవు రాసిన రంగు టేపు అంటించండి.

ఒక్క మాట ప్రాణానికి సంబంధించింది. హమ్ము పోవడానికి యాంప్లిఫయర్ ప్లగ్గు ఎర్త్ పిన్ను పీకేసే అలవాటు కొన్నిచోట్ల ఉంది. హమ్ము నిజంగానే తగ్గవచ్చు. ఆ తరవాత యాంప్లిఫయర్లో ఎక్కడ లీకేజీ వచ్చినా కరెంటు గిటారు తీగల మీదికి, అక్కడి నుంచి మైకుకు ఆనిన పెదవి మీదికి వస్తుంది. మంచులో తడిసిన నేల మీద వట్టికాళ్లతో నిలబడే మన కళాకారులకు అది మృత్యువే. స్టేజీ మీది వాద్యాలన్నింటికీ కరెంటు ఒకే బోర్డు నుంచి, సరైన ఎర్తుతో ఇవ్వండి. మైకు లైన్లను లైట్ల వైర్లకు దూరంగా పరచండి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి. అప్పుడు హమ్ముకు చాలావరకు వేరే మందు అక్కర్లేదు.

ఇందులో ఖరీదైన పని ఒక్కటీ లేదు. ఐరన్, టంకం తీగ, మల్టీమీటరు, కొన్ని మంచి పిన్నులు ఉన్న చిన్న పెట్టె ప్రతి బృందం సామాన్లలో హార్మోనియం పక్కనే ఉండాలి. బృందంలో ఇద్దరికైనా ఈ పని రావాలి. కొన్న కేబుల్ అయినా ఒకసారి విప్పి లోపల చూసుకుని, అవసరమైతే మళ్లీ టంకం పెట్టుకుని వాడాలి. విప్పి బాగుచేసుకోవడానికి వీల్లేకుండా పోతపోసిన పిన్నుల కేబుల్ ఎంత అందంగా ఉన్నా స్టేజీకి పనికిరాదు.

ఆ ఉదయం మా మైకు మేస్త్రీ కొత్త పిన్ను టంకం పెట్టి, బిగింపు సరిచూసి, కేబుల్ని నా చేతికిచ్చి గట్టిగా లాగమన్నాడు. లాగాను, కదల్లేదు. మర్నాటి రాత్రి పక్క ఊళ్లో అదే నాటకం, అదే పద్యం. నేను మైకు సెట్టు వదిలేసి వెళ్లి, అందరికంటే వెనక ఉన్న చాప మీద కూర్చున్నాను. రాగం చివరి దాకా వినిపించింది.