తిరుగు టిక్కెట్టుతో మొదలు

ఎవరి ప్రయాణానికి లెక్క రాసినా మొదటి గీత మీద నేను తిరుగు టిక్కెట్టే రాస్తాను. పోయే టిక్కెట్టు ఆ తర్వాత. ఇల్లు చేరే ఖర్చు ముందే కట్టేసి ఉంటే, మిగతా డబ్బు చేతిలో ఎలా ఉన్నా మనిషి నిబ్బరంగా తిరుగుతాడు. కాశీకి పోయే పెద్దవాళ్ళకైనా, ఊటీకి పోయే కొత్త జంటకైనా అదే పద్ధతి. హిందూపురంలో మా వీధివాళ్ళూ బంధువులూ "ఒక పేజీ రాసియ్యమ్మా" అని అడుగుతూనే ఉంటారు. ఈ పని నాకు చాలా ఇష్టం. చిన్న జీతాలవాళ్ళు అప్పు లేకుండా, అలగకుండా, మంచి కబుర్లతో తిరిగి రావడానికి ఆ పేజీ పనికొస్తుందని నమ్ముతాను.

ఈసారి అడిగింది మా అన్న కూతురు. తను ఇక్కడే గార్మెంట్స్‌లో పనిచేస్తుంది. అల్లుడు పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసే చోట షిఫ్టుల మీద ఉన్నాడు. అత్తమామలది ధర్మవరం, ఇంట్లో పట్టుమగ్గం. "అత్తా, గోవాలో ఓడ మీద కాసినో చూడాలంట ఆయనకి. నాకు సముద్రం చూడాల. చీటీ ఎత్తిన డబ్బు ఇరవై ఐదు వేలుంది. సరిపోతాదా?" అంది. అల్లుడు పక్కనే నిలబడి ఉన్నాడు. నేను కోప్పడతానేమోనని అతనికి అనుమానం. నాకు కోపం రాలేదు. వయసులో ఉన్న జంట ఒక వెలుగుల ఊరు చూడాలనుకోవడంలో తప్పేముంది? ఇద్దరి కోరికా ఒకే పేజీలో పట్టించడమే నా పని.

కాసినో మన రాష్ట్రంలో లేదు. 1974 నాటి ఆంధ్రప్రదేశ్ గేమింగ్ చట్టం డబ్బు పెట్టి ఆడే జూదాన్ని ఒప్పుకోదు. గోవాలో 1976 చట్టానికి 1992లో సవరణ చేసి ఐదు నక్షత్రాల హోటళ్ళలో యంత్రాల ఆటకు, 1996లో ఓడల మీద బల్లల ఆటకు దారి ఇచ్చారు. అందుకే పణజి ఊరిని ఆనుకుని మాండవి నదిలో పెద్ద పెద్ద ఓడలు లంగరు వేసుకుని ఉంటాయి. ఇరవై ఒకటో ఏడు నిండినవాళ్ళనే ఎక్కనిస్తారు. ఇంకో సంగతి కూడా అల్లుడికి చెప్పాను. 2020 ఫిబ్రవరి నుంచి గోవా ప్రభుత్వం తన సొంత ప్రజలను ఆ ఓడల్లోకి వెళ్ళొద్దంది. అక్కడ ఆడేదంతా మనలా బయటి నుంచి వచ్చినవాళ్ళే. ఆ ఊరివాళ్ళకే వద్దనుకున్న ఆటను మనం ఎంతవరకు ఆడాలో ముందే గీత గీసుకుని పోవడం మంచిది.

మన వైపు నుంచి గోవా దారి ఎన్నడో పడింది. విజయనగర రాజులకు గుర్రాలు గోవా రేవు మీదుగా వచ్చేవి. 1565 యుద్ధం తర్వాత రాజధాని అయిన పెనుకొండకు గోవా కొత్త పేరేమీ కాదు. ఇప్పుడు ధర్మవరం జంక్షన్‌లో రైలెక్కి అనంతపురం మీదుగా గుంతకల్లు చేరితే, అక్కడి నుంచి బళ్ళారి, హొసపేట, హుబ్బళ్ళి, లోండా మీదుగా వాస్కో పోయే అమరావతి ఎక్స్‌ప్రెస్ దొరుకుతుంది. రోజూ ఉండదు కాబట్టి రైలు ఉన్న రోజును బట్టి సెలవు పెట్టుకోవాలి. క్యాసిల్‌రాక్ దాటాక ఘాట్‌లో దూద్‌సాగర్ జలపాతం పక్కనే రైలు పోతుంది. టిక్కెట్టు డబ్బులోనే ఆ చూపూ వస్తుంది. అల్లుడు విమానం అన్నాడు. పెనుకొండ నుంచి నాలుగు లైన్ల రోడ్డు మీద దక్షిణానికి పోతే, బెంగళూరు ఊళ్ళోకి దిగకముందే దేవనహళ్ళి విమానాశ్రయం వస్తుంది, ఆ సౌకర్యం నిజమే. కానీ గోవాలో ఇప్పుడు రెండు విమానాశ్రయాలు, పాత దబోలిం, 2023 జనవరిలో మొదలైన మోపా. చవకగా కనిపించిన టిక్కెట్టు మోపాదైతే పణజికి దూరం ఎక్కువ. అక్కడి నుంచి కదంబ బస్సు దొరికితే సరే, టాక్సీ ఎక్కితే మిగిలిందంతా దానికే పోతుంది. ఇరవై ఐదు వేలలో రైలే మేలని ముగ్గురం ఒప్పుకున్నాం.

రోజుల సంగతి ఇంకా ముఖ్యం. శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా ఓడ టిక్కెట్టు ధర పెరుగుతుంది, గదుల ధరలూ పెరుగుతాయి. బెంగళూరు, హైదరాబాద్ జనమంతా అప్పుడే దిగుతారు. సోమవారం నుంచి గురువారం లోపల చూసుకుంటే అదే గది, అదే ఓడ తక్కువలో వస్తాయి. డిసెంబరు, జనవరి మన బడ్జెట్‌కు అందవు. వానాకాలం చవక. సముద్రంలోకి దిగనివ్వరు గానీ ఒడ్డున కూర్చుని చూడటానికి ఆ సముద్రమే బాగుంటుంది. షిఫ్టు మార్చుకుని వారం మధ్యలో సెలవు తెచ్చుకోవడం అల్లుడి వంతు అని పేజీలో అతని పేరు పక్కనే రాశాను.

పన్నుల లెక్క చూస్తే ప్రభుత్వం దేన్ని ఎలా చూస్తోందో తెలిసిపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి రోజుకు 7,500 రూపాయలు దాటని హోటల్ గది మీద జీఎస్టీ 5 శాతం. కాసినో మీద 40 శాతం. గెలిచినా, గెలుపు మీద ఆదాయపు పన్ను 30 శాతం. పిల్లకు ఇది చెబితే, "అయితే గది మంచిది తీసుకుందాం" అంది వెంటనే. నాకూ అదే సరైనదనిపించింది. భార్యాభర్తలు నిద్రపోయే గది శుభ్రంగా, గాలి వచ్చేలా, పణజి ఊళ్ళోనే నడిచిపోయే దూరంలో ఉండాలి. ఇద్దరి ఓడ టిక్కెట్లు కలిపితే అలాంటి గది ఒక రాత్రి అద్దెకు సమానమో, ఎక్కువో అవుతుంది. అందుకే ఓడ ఒక్క రాత్రికే.

ఆ టిక్కెట్టులో భోజనం ఉంటుంది, పానీయాలుంటాయి, పాటలూ ఆటలూ ఉంటాయి, కొన్ని చిప్పులు కూడా ఇస్తారు. ఆ చిప్పులను నేరుగా డబ్బుగా మార్చుకోనివ్వరు, ఆడాల్సిందే. వాటితో గెలిచినదాన్ని మాత్రమే మార్చుకోవచ్చు. మగవాళ్ళు నిక్కర్లు, చెప్పులతో వెళితే ఆపేస్తారు కాబట్టి బూట్లు పెట్టుకోమన్నాను. గుర్తింపు కార్డు ఇద్దరిదీ ఉండాలి. పానీయాలు ఎంత తాగినా టిక్కెట్టులోనే అంటారే, అది జాగ్రత్తగా చూసుకోవాల్సిన చోటు. తాగి బల్ల దగ్గర కూర్చున్న మనిషికి పేజీ గుర్తుండదు.

ఇక ఆట. ఇక్కడ నేను చాలాసేపు కూర్చుని రాశాను, ఎందుకంటే అల్లుడికి అర్థం కావాల్సింది ఇదే. రూలెట్ చక్రంలో సున్నా నుంచి 36 దాకా మొత్తం 37 గళ్ళుంటాయి. ఒక అంకె మీద వంద పెట్టి అది తగిలితే మన వంద మనకు ఇచ్చి, పైన 3,500 ఇస్తారు. 37 గళ్ళ మీదా తలా వంద పెట్టామనుకుందాం. పెట్టింది 3,700. ఏదో ఒకటి తగలక తప్పదు, చేతికొచ్చేది 3,600. ఆ వంద ఓడ వాళ్ళది. అంటే వందకు రెండు రూపాయల డెబ్భై పైసలు. సున్నా పక్కన ఇంకో సున్నా ఉన్న చక్రమైతే వందకు ఐదు దాటుతుంది.

"రెండు రూపాయల డెబ్భై పైసలే కదత్తా" అన్నాడు అల్లుడు. మన వైపు మట్కా గురించి తెలిసినవాడు కాబట్టి అతనికి అది చాలా తక్కువగా కనిపించింది. మట్కాలో వంద జతల్లో ఒకటి తగిలితే రూపాయికి ఎనభై ఇస్తామంటారు. అంటే వందకు ఇరవై పోయినట్టే. దానితో పోలిస్తే చక్రం దయగలదే. కానీ మట్కా అంకె రోజుకు ఒకటి రెండుసార్లు వస్తుంది. చక్రం గంటకు ముప్ఫైసార్లయినా తిరుగుతుంది. పైగా ఆ రెండు డెబ్భై పోయేది మనం జేబులో పెట్టుకుని పోయిన డబ్బు మీద కాదు, బల్ల మీద తిప్పిన డబ్బు మీద. కనీస పందెం 500 ఉన్న బల్ల దగ్గర గంటకు ముప్ఫైసార్ల చొప్పున నాలుగు గంటలు కూర్చుంటే తిప్పినది 60,000 అవుతుంది. దాని మీద సగటున 1,620 పోతుంది. సగటు అంటే ఒకరికి తక్కువ, ఒకరికి చాలా ఎక్కువ. 3,000తో అక్కడ కూర్చున్నవాడికి వరసగా ఆరు పందేలు పోతే అంతే సంగతులు. అందుకని పేజీలో రాశాను: వందకో, అంతకు తక్కువకో ఆడనిచ్చే బల్ల వెతుక్కోవాలి. ప్రతి బల్ల దగ్గరా కనీస పందెం బోర్డు ఉంటుంది, అది చదవకుండా కూర్చోవద్దు. మనవాళ్ళు లోపల-బయట అని ఆడేది అక్కడ అందర్ బాహర్ పేరుతో ఉంటుంది. తెలిసిన ఆట కదా అని చెయ్యి ముందుకు పోతుంది. మొదటి ముక్క పడే వైపు గెలిచే అవకాశం సగం కంటే కాస్త ఎక్కువ. కాబట్టి ఆ వైపు గెలుపుకు రూపాయికి రూపాయి ఇవ్వరు, కోసి ఇస్తారు. తెలిసిన ఆటలోనూ లెక్క వాళ్ళదే.

ఆటకు మొత్తం 3,000. ఇద్దరికీ చెరి సగం. ఈ చెరి సగం దగ్గర నేను గట్టిగా నిలబడ్డాను. "నేను ఆడనులే అత్తా, నాదీ ఆయనకే ఇస్తా" అంది పిల్ల. వద్దన్నాను. గార్మెంట్స్‌లో రోజంతా మిషను తొక్కి చీటీ కట్టింది ఆమె కూడా. తన వంతు 1,500 ఆడుతుందో, ఆడకుండా మర్నాడు ఆ డబ్బుతో పణజి బజారులో తనకు నచ్చింది కొనుక్కుంటుందో తన ఇష్టం. అతని వంతు అయిపోతే ఆమెను అడగకూడదు. ఈ మాట అతని చేతే పేజీలో రాయించాను. ఏటీఎం కార్డులు గదిలోనే ఉండాలి. ఫోనులో యూపీఐ రోజు పరిమితిని ఊళ్ళో ఉండగానే తగ్గించుకోవాలి. ఓడలో కూర్చుని తగ్గిద్దామంటే చెయ్యి రాదు.

భార్యాభర్తలు కలిసి ఆడటం గురించి మన దగ్గర పెద్ద చిత్రమే ఉంది. హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో, లేపాక్షి వీరభద్రస్వామి గుడి కప్పు మీది బొమ్మల్లో శివపార్వతులు పాచికలాడుతూ కనిపిస్తారు. స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళినవాళ్ళు వేలాడే స్తంభం కింద గుడ్డ లాగించి, నంది దగ్గర ఫోటో తీసి తిరిగొచ్చేస్తారు. మెడ ఎత్తి ఆ బొమ్మను చూడరు. గోవా పోయేముందు ఒక ఆదివారం ఇద్దరూ లేపాక్షి వెళ్ళి చూడమన్నాను. ఆ ఆటలో ఇద్దరూ సమానంగా ఎదురెదురుగా కూర్చుంటారు.

ఇప్పటిదాకా చెప్పిందంతా ఒక్క రాత్రి గురించే. మిగతా రోజులకు ఖర్చు చాలా తక్కువ. పణజి నుంచి అవతలి ఒడ్డున ఉన్న బేతికి మాండవి మీద ఫెర్రీ ఉంది. నడిచి ఎక్కేవాళ్ళకు టిక్కెట్టు లేదు. చీకటి పడ్డాక ఎక్కితే కాసినో ఓడల దీపాలన్నీ నీళ్ళ మీద కనిపిస్తాయి. ఓడ ఎక్కే రాత్రికి ముందు రోజు ఈ ఫెర్రీ ఎక్కమని రాశాను, బయటి నుంచి చూశాక లోపలికి పోవాలన్న తొందర కొంత తగ్గుతుంది. ఫొంటైనాస్ వీధుల్లో పాత పోర్చుగీసు ఇళ్ళు, మీరామార్ ఒడ్డున సాయంత్రం, బస్సులో పాత గోవా పోయి 1605లో పూర్తయిన బామ్ జీసస్ చర్చి. పిల్ల అడిగిన సముద్రానికి ఒక రోజంతా ఉంచాను. ఆ రోజు మీద ఇంకే పనీ పెట్టలేదు.

చివరి గీత ముట్టని డబ్బు. 3,000. జ్వరమొచ్చినా, రైలు తప్పినా వాడుకోవడానికి. అది ఆమె బ్యాగులో, వేరే కవర్లో ఉంటుంది.

ఒక్క షరతు మాత్రం పెట్టాను. ఇంట్లో మట్కా అప్పుగానీ, ఫోను ఆటల అప్పుగానీ ఉంటే ఓడ ఎక్కే మాటే వద్దు, ఆ గీతను నేను రాయను. 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించేదాకా మన ఊళ్ళలో ఎంతమంది పిల్లలు వాటి చేతిలో చిక్కుకున్నారో అందరికీ తెలుసు. పోయింది రాబట్టుకోవాలని గోవా రైలెక్కే మనిషికి ఏ పేజీ అక్కరకు రాదు. అతనికి కావాల్సింది ఇంట్లోవాళ్ళ ముందు కూర్చుని నిజం చెప్పడం. అల్లుడు నా కళ్ళల్లోకి చూసి లేదన్నాడు. నమ్మాను.

పేజీ మడిచి ఇచ్చేటప్పుడు పిల్ల ఇంకో మాట అడిగింది. "మా అత్తకూ మామకూ కూడా ఒకటి రాసియ్యత్తా. పెళ్ళయినప్పటి నుంచి ఇద్దరూ కలిసి యాడికీ పోలేదు." ధర్మవరం మగ్గం ఇళ్ళు తెలిసినవాళ్ళకు ఈ మాట కొత్త కాదు. ఆయన గుంతలో కాళ్ళు పెట్టి నాడె విసురుతుంటే, ఆమె పక్కన కూర్చుని కండెలు చుడుతుంది. చీర కూలీ ఇద్దరి చేతులకూ కలిపి ఒకటే. ఒకరు లేస్తే ఇంకొకరి పని ఆగిపోతుంది, కాబట్టి ఇద్దరూ కదలరు. శ్రావణం చీరలు దించాక, వానకు మగ్గం గుంత చెమ్మగిల్లి ఎలాగూ పని మందగించే రోజుల్లో వాళ్ళను పంపించొచ్చు. ఆ లెక్క ఇప్పుడు రాస్తున్నాను. ఓడ టిక్కెట్లు లేవు కాబట్టి గది ఇంకాస్త మంచిది వస్తుంది, రైలులో కింది బెర్తులు రెండూ దొరికే తేదీ చూడాలి. మగ్గం ఆగిన రోజుల కూలీని కూడా ఖర్చుగా రాసి, దాన్ని కొడుకూ కోడలూ భరించాలని మొదటి గీత కిందే పెట్టాను. కోడలు అప్పుడే ఒప్పుకుంది.