అంతర్జాల గ్రంథాలయములు - మన విజ్ఞాన గ్రంథములు

చందర్లపాడు, పెనుగంచిప్రోలు పూర్వము కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలోని గ్రామములు. నేడవి ఎన్.టి.ఆర్. జిల్లాలో నున్నవి. కొమర్రాజు లక్ష్మణరావుగారు 1877లో పెనుగంచిప్రోలున జన్మించిరి. 1906లో హైదరాబాదున విజ్ఞానచంద్రికా మండలిని స్థాపించినవారిలో వీరు ముఖ్యులు. జీవశాస్త్రము, రసాయనశాస్త్రము మున్నగువానిని తెలుగున బోధించు గ్రంథములను ఆ మండలి వెలువరించినది. అటుపిమ్మట వీరు ఆంధ్ర విజ్ఞానసర్వస్వమునకు పూనుకొనిరి. మూడు సంపుటములు వెలువడినవి గాని, అకారాది విషయములు దాటకమునుపే 1923లో వీరు కాలధర్మము నొందిరి.

నేడు చందర్లపాడులో పదవతరగతి చదువు బాలుడు ఆ గ్రంథములను చూడగోరినచో వానికి లభించునా? అంతర్జాలమున అన్నియు నున్నవని మనము చెప్పుదుము. ఉండుట వేరు, దొరకుట వేరు. ఈ భేదమును ఉపాధ్యాయులు గమనింపవలసి యున్నది.

చిత్తూరుజిల్లా కాటూరున జన్మించి, 1994లో ట్యూరింగు బహుమానము నందిన రాజ్ రెడ్డిగారి ప్రోత్సాహముతో పది లక్షల గ్రంథములను యంత్రములపై చిత్రించు పథకము సాగినది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయముతోపాటు బెంగుళూరు, హైదరాబాదులలోని సంస్థలును, చైనా దేశపు సంస్థలును అందు పాల్గొన్నవి. 2007 నాటికి పదునైదు లక్షల గ్రంథములు సిద్ధమైనవి. మన దేశపు భాగమునకు డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా యని పేరు. చెదలకు ఆహుతి కావలసిన తెలుగు పుస్తకములెన్నియో దీనివలన బ్రతికినవి. ఈ మేలును మరువరాదు.

అయినను లోపములను చెప్పక తప్పదు. మొదటిది పట్టిక. తెలుగు గ్రంథముల పేర్లను రోమను అక్షరములలో, పెక్కుచోట్ల తప్పులతో నమోదుచేసిరి. ‘కల’, ‘కళ’, ‘కాల’ అను మూడు మాటలును ఆ లిపిలో ఒకే రూపము దాల్చును. ఇక తెలుగున వెదకువానికి పుస్తక మెట్లు కనబడును? రెండవది, పుట యొక్క చిత్రము మాత్రమే యుండి, దానిని అక్షరరూపమునకు మార్చనిచో అందలి మాటలతో వెదకుటకు వీలుండదు. మూడవది, భాండాగారము ఒక్కచోటనే యుండరాదు. ఆ సంస్థ వెబ్‌సైటు తరువాత మూతపడినది. ప్రతులు ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట్లకు చేరియుండుటచేతనే అవి మనకు దక్కినవి.

పరిశోధకుల పద్ధతిని దీనితో పోల్చి చూడుడు. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ ఆర్కైవ్ అను వ్యాస భాండాగారమును ప్రారంభించెను. అందు ప్రతి వ్యాసమునకును కర్తపేరు, శీర్షిక, సంగ్రహము, తేదీ, సంఖ్య ఉండును. సవరించిన ప్రతులును వరుసగా నుండును. అందుచే భౌతికశాస్త్రజ్ఞుడు తనకు వలసిన వ్యాసమును నిమిషములో కనుగొనును. మన దేశమున శోధగంగ యను భాండాగారములో విశ్వవిద్యాలయముల సిద్ధాంత గ్రంథములను ఎవరైనను రుసుము లేక చదువవచ్చును. ఈ రెండింటి విజయమునకు మూలము పుటల సంఖ్య కాదు, పట్టికలోని శ్రద్ధ.

2024 నవంబరులో కేంద్రప్రభుత్వము ‘ఒకే దేశము - ఒకే చందా’ పథకమును ఆమోదించినది. మూడేండ్లకు 6,000 కోట్ల రూపాయలు వెచ్చించి, 30 ప్రచురణ సంస్థల సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకును, కేంద్ర పరిశోధన సంస్థలకును అందించుట దీని ఉద్దేశము. ఇది కొనియాడదగినదే. కాని ఉన్నత పాఠశాలలకు ఇందు చోటు లేదు. ఉన్నను ఆ వ్యాసములు మన బాలురకు అందునవి కావు. వారికి వలసినది తమ భాషలో, తమ యీడునకు తగిన శాస్త్రము. దానిని కొనుటకంటె ముందు, ఉన్నదానిని వెలికి తీయవలెను.

ఇందుకు మార్గము లేకపోలేదు. తెలుగు వికీసోర్సులో స్వచ్ఛంద కార్యకర్తలు పాత గ్రంథముల పుటలను అక్షరరూపమునకు మార్చి, మూలముతో సరిచూచుచున్నారు. ఒకరు దిద్దిన పుటను మరియొకరు పరీక్షింతురు. తరగతికి వారమునకు ఒక పుట చొప్పున మన విద్యార్థులు దిద్దినచో భాషయు, శాస్త్రమును, శ్రద్ధయు ఒక్కసారిగా అలవడును. గ్రంథము పేరును తెలుగు లిపిలో తప్పులేక వ్రాయుట చిన్నపనిగా తోచవచ్చును. ఆ చిన్నపని జరుగనిచో పదునైదు లక్షల గ్రంథములున్నను, పెనుగంచిప్రోలు పండితుని కృషి ఆ ప్రాంతపు బాలునికే అందకుండును.