స్ఫటిక దీపాలకు చీకటి కావాలి

ధ్వని-కాంతి ప్రదర్శన అనే ప్రక్రియ రాతి కట్టడాల కోసం పుట్టినది. 1952లో ఫ్రాన్సులోని షాంబోర్ కోట వద్ద ఆ కోట సంరక్షకుడైన పాల్ రోబేర్-ఊదాఁ దానికి శ్రీకారం చుట్టాడు. 1965లో ఢిల్లీ ఎర్రకోట ద్వారా అది మన దేశానికి వచ్చింది. ఆ ప్రక్రియలో కాంతి పరిచారిక వంటిది. గోడను చూపి తాను తప్పుకుంటుంది. కథ నడిపే భారమంతా కంఠస్వరానిదే. స్ఫటిక దీపాలను ప్రదర్శించవలసి వచ్చినపుడు ఈ ఏర్పాటు తలకిందులవుతుంది. అక్కడ చూపవలసిన వస్తువే కాంతి.

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలోని ఖిల్వత్ ముబారక్ ఇందుకు తగిన ఉదాహరణ. 1750లో సలాబత్ జంగ్ ఆరంభించిన ఈ ప్రాసాదం 1857-1869 మధ్య, అఫ్జలుద్దౌలా హయాంలో పూర్తయింది. దర్బారు మందిరంలోని 19 బెల్జియం స్ఫటిక దీపగుచ్ఛాలను ఇటీవలి జీర్ణోద్ధరణలో తిరిగి వేలాడదీశారు. ఆ కృషికి 2010లో యునెస్కో ఆసియా-పసిఫిక్ పురస్కారం లభించింది. ఉర్దూలో ఇటువంటి దీపాన్ని ఝాడ్ అంటారు. చెట్టుకూ పొదకూ అదే మాట. రూపకర్తకు ఈ ఒక్క మాట చాలు. చెట్టును కుర్చీలో కూర్చుని చూడరు, దాని కింద నడుస్తారు.

స్ఫటికమని పిలిచినా ఇది గాజే. 1670 దశకంలో ఇంగ్లండులో జార్జి రేవెన్స్‌క్రాఫ్ట్ స్థిరపరచిన పద్ధతిలో గాజులో సీసపు ఆక్సైడు కలుస్తుంది. కిరణం మరింత వంగుతుంది, కోసిన అంచుల వద్ద రంగులుగా విడిపోతుంది. అయితే ఆ మెరుపునకు చిన్న దీపబిందువు కావాలి. కొవ్వొత్తి జ్వాల అటువంటిది. పాలరంగు మూత గల వెడల్పాటి విద్యుద్దీపం అమర్చితే గాజు మొద్దుబారుతుంది. ఇక నలుగోడల మీద కదిలే బొమ్మలు ప్రసరింపజేస్తే, ఆ వెలుతురులో 19 దీపాలూ పైకప్పు అలంకారంగా మిగులుతాయి. ప్రేక్షకుడు కాంతిలో మునిగితేలినట్లే ఉంటుంది, స్ఫటికాన్ని మాత్రం చూడడు.

కనుక మొదట చీకటి గది కావాలి. కళ్లు కుదుటపడే వరకు, కొన్ని నిమిషాల పాటు, ఒకే ఒక్క దీపం వెలగాలి. టెండరు పత్రాలలో ప్రొజెక్టర్ల సంఖ్యకు, స్పీకర్ల సామర్థ్యానికి గడులుంటాయి. చీకటికి గడి ఉండదు. బహుశా అందుకే అది ఎవరి పద్దులోకీ రాదు.

ధ్వని విషయంలో మరింత సంయమనం అవసరం. బరువైన మంద్రస్వరాలు వేలాడే గాజు పలకలను కంపింపజేస్తాయి. పాత కొక్కేలకు అది మేలు చేయదు. వ్యాఖ్యానమూ అంతే. గ్వాలియర్‌లో 1874 నాటి జయవిలాస ప్రాసాదపు రెండు మహాదీపాల మాట రాగానే, ఒక్కొక్కటి మూడున్నర టన్నులని, పైకప్పు బలం పరీక్షించడానికి ఏనుగులను ఎక్కించారని చెప్పడం ఆనవాయితీ. కథ రంజకమే. కాని బరువు చెప్పడం సులభం, వెలుగు చూపడం కష్టం. ఈ గాజు ఏ వర్తకంలో వచ్చింది? బర్మింగ్‌హామ్‌కు చెందిన ఆస్లర్ సంస్థ 19వ శతాబ్దిలో కలకత్తాలో దుకాణం ఎందుకు తెరిచింది? వందల కొవ్వొత్తులను వెలిగించి, ఆర్పి, కారిన మైనం గీకి, ఒక్కొక్క పలకనూ విప్పి తుడిచిన సేవకుల మాటేమిటి? రాజవంశావళికి కేటాయించే సమయంలో సగం ఈ ప్రశ్నలకు దక్కినా చరిత్రకు న్యాయం జరుగుతుంది. ఆ భాగానికి కంఠస్వరం సైతం అక్కరలేదు. చీకటిలో నిచ్చెన జరిపిన చప్పుడు, పలకలు ఒకదానికొకటి తగిలిన సన్నని గలగల సరిపోతాయి.