తలుపు తట్టని సోదా

మన యిండ్లలో పెద్దవారు పొరుగింటికి పోయినను వాకిట నిలిచి ఒకమారు దగ్గి, లోపలినుండి పలుకు వినవచ్చిన పిమ్మటనే గడప దాటుదురు. రాజభటులకును ఇట్టి మర్యాద విధియేయని ఇంగ్లండులో 1604వ సంవత్సరమున సెమేన్ వ్యాజ్యెమున నిర్ణయించిరి. రాజకార్యముపై వచ్చిన అధికారి తలుపు పగులగొట్టవచ్చును. కాని ముందుగా వచ్చిన కారణము తెలిపి, తలుపు తీయుమని అడుగవలెను. అమెరికా సుప్రీముకోర్టు 1995లో విల్సన్ వ్యాజ్యెమున ఈ పాత మర్యాదను తమ రాజ్యాంగపు నాలుగవ సవరణలో అంతర్భాగముగా గ్రహించినది. అపాయము కలుగుననియో, సాక్ష్యము నశించుననియో సహేతుకమైన అనుమానమున్నచో తట్టనక్కరలేదని 1997లో రిచర్డ్స్ వ్యాజ్యెమున చెప్పిరి. మాదకద్రవ్యముల కేసులన్నిటికిని ఒక్కుమ్మడిగా మినహాయింపు నిచ్చుటకు మాత్రము సమ్మతింపలేదు. ఇంతవరకు మాకు పేచీ లేదు.

మేము విమర్శింపబూనినది 2006 నాటి హడ్సన్ తీర్పు. 1998 ఆగస్టు 27వ తేదీన డిట్రాయిట్ నగరమున పోలీసువారు వారంటుతో ఒక యింటికి వచ్చిరి. తాము పోలీసులమని కేకవేసి, మూడు నాలుగు సెకండ్లు, మహా అయిన ఐదు సెకండ్లు ఆగి, గడియ వేయని తలుపును త్రోసికొని లోనికి పోయిరి. మాదకద్రవ్యములును, తుపాకియు దొరికినవి. తగినంత సేపు ఆగకపోవుట తప్పేయని ప్రభుత్వపక్షమే ఒప్పుకొన్నది. ఆ సొత్తును సాక్ష్యముగా వాడవచ్చునా యనునదియే మిగిలిన ప్రశ్న. తొమ్మండుగురిలో ఐదుగురు వాడవచ్చుననిరి.

ఆ ఐదుగురి పక్షమున స్కాలియా వ్రాసిన వాదము తొలిచూపునకు దుర్భేద్యముగా నున్నది. తట్టుట యను నియమము మూడింటిని కాపాడును. దొంగలని భ్రమసి గృహస్థుడు ఆయుధమెత్తినచో కలుగు ప్రాణహాని తప్పును. తలుపు విరుగకుండును. నిద్రలేచి బట్ట కట్టుకొనుటకు వ్యవధి దొరకి మానము నిలుచును. దాచిన సరకును కాపాడుట ఇందులో లేదు. వారంటు ఉన్నది గనుక, తట్టినను తట్టకున్నను సరకు దొరికియే యుండును. కావున తప్పునకును, దొరికినదానికిని సంబంధము లేదు.

ఈ తర్కమున దోష మెక్కడనున్నదో పోల్చుకొనుటకు మేము దానిని రెండుమారులు చదువవలసివచ్చినది. నియమము దేనిని కాపాడునో ఆయన చక్కగా చెప్పినాడు. నియమమును కాపాడునది ఏదియో చెప్పలేదు. చెప్పినవి రెండు: నష్టపరిహారపు దావాలు, పోలీసుశాఖలో పెరిగిన క్రమశిక్షణ. ఈ ఒక్క తప్పునకే నామమాత్రమునకు మించిన పరిహారము లభించిన కేసు ఒక్కటియైన చూపలేకపోయిరని అసమ్మతితీర్పున బ్రెయర్ ఎత్తిచూపెను. నేరస్థుడని తేలినవాడు ఐదు సెకండ్ల అవమానమునకు వెల కట్టుడని జూరీని అడుగబోవునా? అడిగినను ఎవరు విందురు? మీమాంసకులు విధికిని అర్థవాదమునకును భేదము చెప్పుదురు. ఉల్లంఘించినను ఏమియు కాని విధి స్తుతివాక్యముగా మిగులును. వేదవాక్యమునకైన అది లోపము కాదేమో గాని, చట్టమునకు లోపమే.

సాక్ష్యమును త్రోసివేసినచో దోషి బయటపడునన్న మాట నిజమే. అది చిన్న నష్టమని మేము అనము. ఐదుగురిలో నొకరైన కెన్నెడీ, ఇట్టి ఉల్లంఘనలు వాడుకగా మారినవని రుజువైనచో అది మిక్కిలి ఆలోచింపవలసిన విషయమేయని ప్రత్యేకముగా వ్రాసెను. కాని కోర్టులో ఎత్తినను ఫలము లేని తప్పును ఎవరు ఎత్తుదురు? ఎవరును ఎత్తనిది వాడుకయైనదని తెలియు టెట్లు?

పరదేశపు తగవు మనకేలయని పాఠకులు తలపవద్దు. సెమేన్ నాటి మాటలే మన చట్టమునను ఉన్నవి. క్రిమినల్ ప్రొసీజరు కోడు 47వ సెక్షను 2024 జూలై 1వ తేదీనుండి భారతీయ నాగరిక సురక్షా సంహితలో 44వ సెక్షనైనది. తన అధికారమును, వచ్చిన పనిని తెలిపి, ప్రవేశము కోరి, అది దొరకనపుడే తలుపు పగులగొట్టవలెను. లోపలి గదిలో ఘోషాస్త్రీ యున్నచో, ఆమె తప్పుకొనవచ్చునని ముందు తెలిపి, అందుకు వీలు కల్పింపవలెను. ఘోషా పోవలెనని కోరు మాబోటివారికి సైతము ఆ నిబంధనలోని గౌరవము నచ్చును. ఆ వ్యవధి ఘోషా లేని యిల్లాలికి మాత్రమేల అక్కరలేదో తెలియదు. ఇక ఉల్లంఘన ఫలమా? చట్టవిరుద్ధమైన సోదాలో దొరికినదైనను, కేసునకు సంబంధించిన సాక్ష్యమైనచో త్రోసివేయనక్కరలేదని మన సుప్రీముకోర్టు 1973లోనే పూరన్‌మల్ వ్యాజ్యెమున తీర్పు చెప్పినది. హడ్సన్ తీర్పుకన్న అది ముప్పది యేండ్లకు పైగా ముందుది.

క్రొత్త సంహితలోని 105వ సెక్షను సోదానంతటిని దృశ్యశ్రవణ యంత్రముతో, వీలైనంతవరకు మొబైలు ఫోనుతో, నమోదు చేసి జాప్యము లేకుండ మేజిస్ట్రేటునకు పంపవలెననుచున్నది. దొరికిన వస్తువుల జాబితాయు, సాక్షుల సంతకములును అందు చేరవలెనని స్పష్టముగా నున్నది. తలుపు తట్టుట మాట మాత్రము అందు లేదు. ఆ యంత్రమును వాకిటి వెలుపల, మొదటి పిలుపునకు ముందే తెరువవలెనని ఒక్క వాక్యము చేర్చుట శాసనకర్తలకు కష్టము కాదు.