హుద్‌హుద్ ఏ పిట్ట? – బాలల బొమ్మల పుస్తకాలపై ఒక పరిశీలన

విశాఖపట్నం ప్రాంతపు పిల్లలకు 'హుద్‌హుద్' అంటే తుఫాను. 2014 అక్టోబరు 12న విశాఖ వద్ద తీరం దాటిన ఆ తుఫానుకు ఒమాన్ దేశం సూచించిన పేరు అది. అప్పటికి మా చోడవరం విశాఖపట్నం జిల్లాలోనే ఉండేది. 2022లో అనకాపల్లి జిల్లాలో చేరింది. ఆ రోజు కూలిన చెట్లనూ, నేలకొరిగిన చెరకు తోటలనూ పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటూనే ఉన్నారు. అందుచేత నమల్ సూరా అర్థం వింటూ మా మనవడు, "దాదా, తుఫాను పేరు ఖుర్‌ఆన్‌లోకి ఎలా వచ్చింది?" అని అడిగితే నాకు నవ్వు వచ్చింది. అది పిట్ట పేరురా, ఆ పేరే తుఫానుకు పెట్టారు అని చెప్పాను. "ఏ పిట్ట?" అన్నాడు. "వడ్రంగి పిట్ట" అన్నాను, మా పెద్దలు నాకు చెప్పిన విధంగానే. "బొమ్మ చూపించు" అన్నాడు.

ఇంట్లో ఉన్న పుస్తకాలన్నీ తిరగవేశాను. హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) గాథ మూడు పుస్తకాలలో ఉన్నది. సింహాసనమున్నది, సబా రాణి ఉన్నది, నీతి ఉన్నది. పిట్ట ఎలా ఉంటుందో ఒక్కదానిలోనూ లేదు. చివరికి పక్షుల పుస్తకం ఒకటి సంపాదించి చూస్తే నేను చెప్పినది తప్పని తేలింది. హుద్‌హుద్ వేరు, వడ్రంగి పిట్ట వేరు. హుద్‌హుద్‌కు తలపై విసనకర్రలా విచ్చుకునే తురాయి ఉంటుంది. ఒళ్లు ఇటుక పొడి కలిసిన గోధుమ రంగు, రెక్కలపై నలుపు తెలుపు పట్టీలు. ముక్కు పొడవుగా, సన్నగా, కొంచెం వంగి ఉంటుంది. దానితో నేలను గుచ్చి పురుగులను ఏరుకుంటుంది. వడ్రంగి పిట్ట ముక్కు ఉలి లాంటిది. తోకను ఊతగా ఆనించి మానుకు నిలువుగా అతుక్కుని బెరడును తొలుస్తుంది. రెంటికీ తలపై కుచ్చు ఉండటమే ఈ పొరపాటుకు మూలం కావచ్చు. ఉర్దూ మాట్లాడే ఇళ్లలో కూడా ఈ పొరపాటు ఉన్నది. పుటల కొద్దీ వర్ణించినా తీరని ఈ సందేహం ఒక్క బొమ్మతో తీరిపోతుంది. బాలల విజ్ఞాన గ్రంథంలో బొమ్మ అలంకారం కాదు, అది సాక్ష్యం.

ఈ సంగతి మనవారికి కొత్తది కాదు. 1612లో గోవా నుండి టర్కీ కోడి మొదలైన వింత జంతువులు తన దర్బారుకు వచ్చినప్పుడు జహాంగీర్ చక్రవర్తి తన జ్ఞాపకాలలో ఒక మాట వ్రాసుకున్నాడు. తాత ముత్తాత బాబర్ జంతువుల రూపురేఖలను వర్ణించాడే గాని చిత్రకారులచేత వేయించలేదనీ, తాను వర్ణించడమే గాక బొమ్మలు కూడా వేయిస్తున్నాననీ దాని భావం. ఆయన కొలువులోని ఉస్తాద్ మన్సూర్ వేసిన పక్షులలో ఈకల వరుస సైతం తప్పదు. అంతకు చాలా ముందే, క్రీ.శ. 8వ శతాబ్దిలో, మన పంచతంత్రం నుండి పుట్టిన 'కలీలా వ దిమ్నా'ను అరబ్బీలోకి తెచ్చిన ఇబ్నుల్ ముఖఫ్ఫా, జంతువుల బొమ్మలు ఆ గ్రంథానికి ఎందుకు అవసరమో పీఠికలోనే చెప్పాడు. ఇక ప్రాణుల చిత్రాలు తగునా అన్న ప్రశ్న మన పాఠకులు కొందరు వేస్తారు. ధర్మవేత్తలలో భేదాభిప్రాయాలున్న మాట నిజం. అయితే హజ్రత్ ఆయిషా (ర.అన్హా) బాల్యంలో బొమ్మలతో ఆడుకున్నట్లూ, వాటిలోని రెక్కల గుర్రాన్ని చూచి దైవప్రవక్త (స) నవ్వినట్లూ హదీసులలో ఉన్నది. పసిపిల్లల విషయంలో చాలామంది విద్వాంసులు దీనినే ఆధారంగా తీసుకున్నారు. అంతకు మించిన చర్చకు ఇది చోటు కాదు.

తెలుగులో పిల్లల బొమ్మల పుస్తకాలకు లోటు లేదని కొందరంటారు. కథల మాట వరకు నిజమే. 1947 జూలైలో మొదలైన 'చందమామ' తరాల పాటు ఇంటింటా వెలిగింది. దాని ముఖచిత్రాలకు పేరుపడ్డ వడ్డాది పాపయ్య మాకు దగ్గరలోని కశింకోటలోనే నివసించారు. ఆయన రంగులు ఊహాలోకపు రంగులు. వాటిని ఉన్నవి ఉన్నట్లు లేవని తప్పుపట్టరాదు. ఉన్నది ఉన్నట్లు చెప్పే పుస్తకాలు మాత్రం విశాలాంధ్ర దుకాణాల ద్వారా సోవియట్ దేశం నుండి చవకగా వచ్చాయి. బొమ్మలు అద్భుతం, కాగితం అద్భుతం. కాని అందులోని మంచు, బర్చి చెట్లు, ధ్రువపు ఎలుగుబంట్లు చోడవరం పిల్లవాడు కిటికీలోంచి చూచేవి కావు. 1991లో ఆ దేశమే లేకుండా పోయింది. తరువాత జన విజ్ఞాన వేదిక 'చెకుముకి', మంచి పుస్తకం, తూలిక వంటివి ఆ ఖాళీని కొంత పూరించాయి.

మన సంస్థలు వేసిన పిల్లల పుస్తకాలను చూస్తే బాధ కలుగుతుంది. ఒకదానిలో సాలెపురుగుకు ఆరు కాళ్లు వేశారు. అంకబూత్ పేరిట ఒక సూరాయే ఉన్నది. దాని కాళ్లు ఎనిమిది అని లెక్కపెట్టే ఓపిక చిత్రకారునికి లేదు, సరిచూచే ఓపిక ప్రచురణకర్తకూ లేదు. మరొకదానిలో చీమల గురించి నాలుగు పుటలున్నాయి. నాలుగింటిలోనూ సృష్టికర్త మహిమను కొనియాడారే గాని, చీమ ఏమి చేస్తుందో ఒక్క వాక్యం లేదు. మా మామిడి చెట్టు మీద ఎర్రచీమలు ఆకు అంచులను దగ్గరకు లాగి, తమ పిల్లపురుగుల నోటి నుండి వచ్చే పట్టుదారంతో వాటిని కుట్టి గూడు కడతాయి. ఈ ఒక్క సంగతి చెప్పి బొమ్మ వేస్తే పిల్లవాడు 'సుబ్‌హానల్లాహ్' అని తనంతట తానే అంటాడు. అనమని ముందుగా మనం ఆజ్ఞాపిస్తే పాఠం అప్పజెప్పినట్లు అంటాడు.

ఈ సందర్భంలో జమాల్ ఆరా (1923–1995) పేరు చెప్పాలి. బీహారులో పుట్టిన ముస్లిం స్త్రీ. కళాశాల చదువు లేదు. రాంచీ చుట్టుపట్ల అడవులలో తిరిగి, చూచినది చూచినట్లు నోటు పుస్తకంలో వ్రాసుకుని, బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పత్రికకు వ్యాసాలు పంపారు. 1970లో నేషనల్ బుక్ ట్రస్టు నెహ్రూ బాల పుస్తకాలయం వరుసలో పిల్లలకోసం ఆమె ఆంగ్లంలో వ్రాసిన 'వాచింగ్ బర్డ్స్' వెలువడింది. చూడటం నేర్పిన పుస్తకం అది. సాలిం అలీ పేరు ఎరిగిన మన ఇళ్లలో ఈమె పేరు ఎందరికి తెలుసు? మన ఆడపిల్లలకు చూపించదగిన ఆదర్శాలను ఎక్కడెక్కడో వెదుకుతుంటాము.

నేను కోరేది పెద్ద గ్రంథమేమీ కాదు. పదహారు పుటల పుస్తకం చాలు. ఆవు, చీమ, తేనెటీగ, సాలెపురుగు, కాకి, హుద్‌హుద్: ఖుర్‌ఆన్‌లో ప్రస్తావన ఉండి, మా ఊళ్లోనే కంటికి కనిపించేవి. (ఏనుగు కోసం మాత్రం విశాఖ జూకు వెళ్లక తప్పదు.) ఒక్కొక్క ప్రాణికి ఒక పూర్తి పుట బొమ్మ, ఎదుటి పుటలో అయిదారు వాక్యాలు: ఎక్కడ ఉంటుంది, ఏమి తింటుంది, ఎప్పుడు వెదికితే కనిపిస్తుంది. భాష పిల్లవాడు బడిలో మాట్లాడే తెలుగై ఉండాలి. ఇంట్లో పలికే ఉర్దూ పేరు కూడా తెలుగు లిపిలో పక్కనే వేయాలి. అచ్చుకు ముందు జంతుశాస్త్రం తెలిసినవారు ఒకరు, ధర్మం తెలిసినవారు ఒకరు చదవాలి. హుద్‌హుద్ తెచ్చిన వార్తను సులైమాన్ (అ) వెంటనే నమ్మలేదు, నిజమో కాదో చూస్తానన్నారు. మన ప్రచురణకర్తలు సాలెపురుగు కాళ్లనైనా లెక్కపెట్టవద్దా?

మా మనవడికి నా తప్పు ఒప్పుకున్నాను. ఇప్పుడు వాడు చెరకు నరికిన పొలాల గట్ల మీద తురాయి ఉన్న పిట్టకోసం వెదుకుతున్నాడు. ఇంకా కనిపించలేదట.