చివరి మడికి నీరు

ప్రతి ఆదివారమును ప్రొద్దుననే మైలవరములో బెజవాడ బస్సెక్కి, సార్వత్రిక విశ్వవిద్యాలయపు స్టడీ సెంటరునకు పోయి, కాంటాక్టు తరగతులు చెప్పి, దీపములు పెట్టువేళకు ఇల్లు చేరుట పలు సంవత్సరముల పాటు నాకొక నియమమై యుండెను. ఆ బస్సులోనే నా విద్యార్థులును ఎక్కెడివారు. మామిడితోటలు కౌలుకు పట్టు నాయన యొకరు, అంగన్‌వాడీ కార్యకర్త యొకరు, పెండ్లితో చదువాగిపోయి, కొడుకు పదవ తరగతికి వచ్చిన పిమ్మట తాను బి.ఏ.లో చేరిన ఇల్లాలొకరు. జి.కొండూరు దాటగనే పుస్తకములు విప్పెడివారు. ఇబ్రహీంపట్నము వచ్చునప్పటికి సందేహములు సగము తీరెడివి.

ఆ యిల్లాలి పుస్తకము నేటికిని నా కన్నులకు గట్టినట్లున్నది. అర్థశాస్త్రములో డిమాండు రేఖ గీసిన పుట అంచున, పసుపు మరక ప్రక్కన, పెన్సిలుతో ఆమె వ్రాసికొన్న మాట యిది: “ధర పెరిగినా ఉప్పు మానలేం కదా, మరి గీత ఎందుకు వంగింది?” ఎదుట కూర్చున్న శిష్యుని తడబాటు గురువునకు అతని ముఖములోనే కనబడును; దూరవిద్యలోనో అది పుట అంచున పెన్సిలు గీతగా నిలిచి, ఎవరో వచ్చి చదువువరకు మౌనముగా వేచియుండును. కనబడని విద్యార్థి ఏ వాక్యము వద్ద ఆగిపోవునో ముందుగనే ఊహించి, ఆ వాక్యము ప్రక్కనే ఉప్పును గూర్చి యొక మాట చెప్పగలుగుటయే యీ పాఠములు వ్రాయు విద్యలోని మర్మము. ఎంతటి సమర్థుడు వ్రాసినను ఆ యూహ ఎక్కడనో తప్పక తప్పును. తప్పినచోట చేయి పట్టి దాటించుటకే కాంటాక్టు తరగతి యేర్పడినది.

1982 ఆగస్టు 26వ తేదీన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము వెలసినప్పుడు ఈ దేశములో అట్టిది మరియొకటి లేదు. తొలి ఉపాధ్యక్షులైన జి. రామిరెడ్డిగారే మూడేండ్ల తరువాత ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును తొలి ఉపాధ్యక్షులైరి. 1991 నుండి అంబేద్కరుగారి పేర పిలువబడుచున్న మన విశ్వవిద్యాలయము, ఏ సర్టిఫికెట్టును లేనివారినైనను ఒక ప్రవేశపరీక్షతో డిగ్రీలో చేర్చుకొని, తెలుగులో పాఠములు వ్రాయించి యిచ్చెను. బడి మెట్లెక్కని వయోజనుని చదువుపై ప్రజాధనమును వెచ్చించుట దానము కాదు, ధర్మమని ఒక ప్రభుత్వము చట్టముచేసి యొప్పుకొన్న సందర్భముగా నేను దానిని గౌరవింతును.

ఆ ధర్మము అంతకు ముందే మా కృష్ణాతీరమునకు తెలియును. 1935లో పాతూరి నాగభూషణముగారి పూనికతో పెదపాలెమునుండి పుస్తకములు పడవకెక్కి కాలువవెంట ఊరూరికి పోయినవి. రేవులో పడవ ఆగగానే రైతులు పాత పుస్తకమిచ్చి క్రొత్తది పుచ్చుకొనుట దూరవిద్య గాక మరేమి? నాడది దాతల చందాలతోను కార్యకర్తల చెమటతోను నడచినది. 1960 నాటి గ్రంథాలయ చట్టముతో ఆ భారము ప్రజలందరును పంచుకొనునదైనది. ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున నేటికిని మనము గ్రంథాలయ సెస్సు చెల్లించుచునే యున్నాము. వసూలైన ఆ పైసలను జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయక స్థానిక సంస్థలు బకాయిపడుట చిరకాల వ్యాధి. పల్లెలో మూతపడిన గ్రంథాలయము తలుపు చూచినప్పుడెల్ల, ఆ తాళము కొన్నది మన సొమ్ముతోనే గదా యని నా మనసు కలుక్కుమనును.

సెల్లు రీఛార్జి చేయించు కూలివానికి తెలియని మరియొక సెస్సు కూడ నున్నది. 2002 నుండి టెలిఫోను కంపెనీల ఆదాయములో నూటికి 5 వంతులు సార్వత్రిక సేవా నిధికి పోవుచున్నవి. 2023 చట్టముతో దానికి డిజిటల్ భారత్ నిధియను పేరు వచ్చినది. పంచాయతీలకు భారత్‌నెట్ తీగ వచ్చినది ఆ నిధినుండియే. తీగ వచ్చుట మేలే. మన రాష్ట్రము 2022 డిసెంబరులో ఎనిమిదవ తరగతి పిల్లలకును ఉపాధ్యాయులకును 5 లక్షలకు పైగా టాబ్‌లు పంచి, నెట్టు లేకున్నను తెరుచుకొనునట్లు పాఠములను ముందే వానిలో నింపి యిచ్చుటయు మంచి యాలోచనయే.

కాని మెట్టవాడనగుటచేత నాకొక సంగతి తోచుచున్నది. 1855లో బెజవాడవద్ద ఆనకట్ట పూర్తియై, కృష్ణనీరు బందరు వరకు పారినను, కొండపల్లి కొండల కీవలనున్న మా మైలవరమునకు చెరువులును బుడమేటి వాగును తప్ప చిరకాలము వేరు దిక్కు లేకపోయెను. నీరు పారిన డెల్టాలోనైనను, కాలువ త్రవ్విన మాత్రమున చేను తడిసినదా? తూము నెత్తుటకు లస్కరు కావలెను, బోదె పూడిక తీయవలెను, రాత్రివేళ పార పట్టుకొని చివరి మడి వరకు నీరు పెట్టు మనిషి యుండవలెను. చదువు విషయములో మనము తీగకు, టాబ్‌నకు, పాఠపు వీడియోకు కోట్లు కేటాయించి, పార పట్టెడి మనిషికి మాత్రము పైసా వ్రాయుట మరచితిమి. ప్రతి గ్రామ గ్రంథాలయములో సాయంకాలము రెండు గంటలు కూర్చుండి, టాబ్‌లో ఆగిపోయిన పాఠమును నడిపించి, పరీక్ష దరఖాస్తు నింపించి, “ఇక్కడ అర్థం కాలేదండీ” అన్నవారికి బదులు చెప్పు నొక్కరికి గౌరవప్రదమైన జీతమిచ్చుట మొదటి పద్దు కావలెనని నేను గట్టిగా నమ్ముచున్నాను. ఆ తరువాతనే పరికరములు.

2020లో బడులు మూతపడినప్పుడు సప్తగిరి చానలులో పాఠములు వచ్చినవి, సెల్లులలోను వచ్చినవి. అంతకు రెండుమూడేండ్ల క్రిందట, 2017-18లో, జాతీయ నమూనా సర్వే లెక్కలో దేశపు పల్లెయిండ్లలో నెట్టు గలవి నూటికి 15 మాత్రమే. నేనును కొందరు పిల్లలకు సెల్లులో లెక్కలు చెప్పుచుంటిని. వారిలో పదవ తరగతి పిల్ల యొకతె మామిడితోట కాపలా గుడిసెలో తండ్రితో నుండెడిది. ఒకనాడామె నోటుబుక్కు పట్టుకొని మా యింటికి వచ్చి, “మాస్టారూ, మీ పాఠం తెగిపోయినచోటల్లా గీత పెట్టుకున్నానండీ” అన్నది. వర్గ సమీకరణముల పాఠములో నా మాట వినబడని ప్రతి తావున ఎర్రసిరాతో ఒక గీత, దానిప్రక్కన అంతకుముందు వినబడిన కడపటి మాట. అట్టి గీతలు పదునాలుగు. అరుగుమీద చాపవేసి కూర్చుండి మొదటినుండి చెప్పుకొని వచ్చితిమి. తొమ్మిదవ గీత వద్ద చీకటి పడెను. తండ్రి సైకిలుతో వచ్చి గుమ్మములో నిలుచుండెను. ఆమె పుస్తకము మూయక, లైటు వేయుమని నన్నడిగెను.