తగ్గిన గిరాకి, తరిగిన బొగ్గు: టెన్నెసీ లోయ విద్యుద్విధానముపై ఒక విమర్శ

ధాన్యము మిగిలినచో గాదెలో పోసి పైయేటికి దాచవచ్చును. విద్యుచ్ఛక్తికి గల గాదెలు చాల చిన్నవి. బ్యాటరీలున్నను, నీటిని కొండపైకి తోడి మరల విడుచు జలాశయములున్నను, పుట్టిన విద్యుత్తులో అధికభాగము పుట్టిన క్షణముననే ఖర్చు కావలెను. అందుచే పెద్ద విద్యుత్కేంద్రములను కట్టువారు పది పదిహేనేండ్ల ముందుగనే గిరాకిని ఊహింపవలసియుందురు. ఆ ఊహ తప్పినచో నష్టమెవరికి? గిరాకి మందగించిన కాలమున బొగ్గును విడిచి, కర్బనము తక్కువగల విద్యుత్తునకు మరలుట సులభమా, కష్టమా? ఈ ప్రశ్నలను పరిశీలించుటకు అమెరికాలోని టెన్నెసీ వ్యాలీ అథారిటీ, అనగా టి.వి.ఏ., చరిత్ర మిక్కిలి తగిన ఉదాహరణము.

ఈ సంస్థ 1933లో ఏర్పడినది. వరదలను అరికట్టుట, పడవలకు దారి చేయుట, పల్లెలకు దీపములిచ్చుట దీని తొలి పనులు. 1948లో మన దేశమున దామోదర లోయ సంస్థను స్థాపించినపుడు నమూనాగా గ్రహించినది దీనినే. నేడది ఏడు రాష్ట్రముల భాగములలో రమారమి కోటిమందికి విద్యుత్తు సమకూర్చుచున్నది. ప్రభుత్వ సంస్థయే యైనను, 1959 నాటి చట్టము తరువాత దాని విద్యుచ్ఛాఖ తన ఖర్చును తానే గడించుకొనవలసివచ్చినది. 1979లో దాని ఋణమునకు 3,000 కోట్ల డాలర్ల హద్దు విధింపబడినది. అనగా లెక్క తప్పినపుడు ఆ భారము పడునది దీపము వెలిగించుకొను గృహస్థుపైననే. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకొనవలెను.

లెక్క ఒకసారి ఘోరముగ తప్పినది. గిరాకి ఎల్లకాలము పెరుగుచునే యుండునను నమ్మకముతో ఈ సంస్థ 17 అణు రియాక్టర్లను కట్టదలచెను. 1973లో చమురు ధరలు పెరిగిన పిమ్మట విద్యుత్తు ధరయు పెరిగెను. జనులు వాడుక తగ్గించిరి. 1980 తరువాతి దశకము ముగియులోపల ఎనిమిది రియాక్టర్లను రద్దుచేసిరి. మరి కొన్నిటిని సగములో నిలిపివేసిరి. ఆలబామాలోని బెల్లెఫాంట్ కేంద్రమున పని 1988లో ఆగినది. అచటి శీతలగోపురములు ఒక్క యూనిట్టు విద్యుత్తునకైనను ఉపకరింపలేదు.

రెండవ మందగింపు 2008 తరువాత వచ్చినది. 2007 ఆగస్టులో నమోదైన 33,482 మెగావాట్ల గరిష్ఠ గిరాకిని మించిన రోజు 2024 జనవరి వరకు రాలేదు. ఆర్థిక మాంద్యము ఒక కారణము. తక్కువ విద్యుత్తుతో ఎక్కువ పనిచేయు దీపములు, యంత్రములు మరొక కారణము. కెంటకీలోని పడూకా వద్ద యురేనియమును శుద్ధిచేయు కర్మాగారము ఈ సంస్థనుండి నేరుగ విద్యుత్తు కొను ఖాతాదారులలో అతిపెద్దదిగ నుండెను. 2013లో అచట శుద్ధి ఆగిపోయెను. ఇంతలో 2008 డిసెంబరు 22న కింగ్‌స్టన్ బొగ్గు కేంద్రమున బూడిదచెరువు గట్టు తెగి, సుమారు 41 లక్షల ఘనమీటర్ల బూడిదబురద నదిలోనికిని, ఇండ్లమీదికిని పారెను. ఆ బూడిదను ఎత్తిన పనివారిలో పలువురు తరువాత జబ్బుపడి న్యాయస్థానమును ఆశ్రయించిరి. బొగ్గు ధర గనివద్ద పలుకు ధర మాత్రమే కాదని లోకమునకు ఈ విధముగ తెలియవచ్చినది.

2011లో పర్యావరణ శాఖతో కుదిరిన ఒప్పందము ప్రకారము 18 బొగ్గు యూనిట్లను మూసివేయుటకు సంస్థ అంగీకరించెను. 2013 నవంబరులో మరి కొన్నిటిని మూయుటకు పాలకవర్గము తీర్మానించెను. 2015లో వెలువరించిన దీర్ఘకాల ప్రణాళిక, అప్పటికి నిర్మాణములోనున్నవి తప్ప నిరంతరము నడుచు పెద్ద కేంద్రములు క్రొత్తగా అక్కరలేదని తేల్చెను. 1973లో మొదలై 1985లో ఆగిపోయి, 2007లో తిరిగి చేపట్టబడిన వాట్స్‌బార్ రెండవ రియాక్టరు 2016 అక్టోబరులో అమ్మకపు విద్యుత్తునిచ్చుటకు సిద్ధమాయెను. పునాది నుండి ఫలమువరకు 43 ఏండ్లు!

గిరాకి తగ్గినపుడు బొగ్గే ఏల ముందు తగ్గవలెను? రియాక్టరునకు కట్టుబడి ఖర్చు అధికము, ఇంధనపు ఖర్చు స్వల్పము; కట్టిన పిమ్మట దానిని ఆపినందువలన మిగులునది కొంచెమే. నీటికి ధరయే లేదు. అమెరికాలో పలకరాళ్ల పొరలనుండి తీయు సహజవాయువు ఆ రోజులలోనే చౌకయైనది. ఇక మిగిలినవి పాతబడిన బొగ్గు బాయిలర్లు. వానికి ఇంధనము, మరమ్మత్తు, పొగను శుద్ధిచేయు యంత్రములు, అన్నియు ఖర్చే. కావున అక్కర తగ్గినపుడు మొదట చల్లారునవి ఆ పొయ్యిలే.

ఫలితము గొప్పదే. 2000 తరువాతి దశకమున సంస్థ విద్యుత్తులో సగమునకు పైగా బొగ్గునుండి వచ్చుచుండెను. 2020 నాటికి అది సుమారు ఆరవ వంతునకు దిగెను. అణువిద్యుత్తు అయిదింట రెండు వంతులాయెను. 2005తో పోల్చగా బొగ్గుపులుసు వాయువు 60 శాతమునకు మించి తగ్గినదని సంస్థ ప్రకటించినది. బూడిద, గంధకపు పొగ కూడ తగ్గినవి. దీనిని మెచ్చుకొనక తప్పదు. కాని ఆ మెప్పులో ఎవరి భాగమెంతయో చూడవలెను.

ఒక యూనిట్టు విద్యుత్తునకు బొగ్గును కాల్చినచో ఇంచుమించు ఒక కిలోగ్రాము బొగ్గుపులుసు వాయువు వెలువడును. మంచి వాయు కేంద్రమున 400 గ్రాములు. నూరు యూనిట్ల బొగ్గు విద్యుత్తునకు బదులు నూరు యూనిట్ల వాయు విద్యుత్తు వచ్చినచో 60 కిలోలు తగ్గును. 40 కిలోలు నిలుచును. వాయు కేంద్రము ముప్పది నలుబది ఏండ్లు నడుచుటకై కట్టబడునది. ఆ 40 కిలోలు అంతకాలమును వెలువడుచుండును. గొట్టములలో, బావులవద్ద కారిపోవు మీథేను వేరు. ఇరువది ఏండ్ల వ్యవధిలో లెక్కించినచో, అంతే బరువుగల బొగ్గుపులుసు వాయువుకంటె మీథేను సుమారు 80 రెట్లు అధికముగ భూమిని వేడిచేయును. చిమ్నీ కొలతలో ఈ కారుడు కనబడదు. కావున టి.వి.ఏ. గణాంకములలో అణువిద్యుత్తు వలన కలిగిన తగ్గుదల ఒక తీరు, వాయువు వలన కలిగినది మరొక తీరు, గిరాకియే లేనందువలన కలిగినది ఇంకొక తీరు. మూడింటిని ఒకే శాతముగ కలిపి చెప్పుట పొరబాటునకు దారితీయును.

రెండవ లోపము ఇంకను ముఖ్యమైనది. 2015 ప్రణాళికలో ఒక చక్కని భావము కలదు: విద్యుత్తును పొదుపుచేయుటను ఒక విద్యుత్కేంద్రముతో సమానముగ తూచి, ఏది చౌకయో లెక్కించుట. తరువాతి ఏండ్లలో ఆ ఉత్సాహము సడలెను. ఇండ్ల పొదుపునకిచ్చు ప్రోత్సాహకములు తగ్గెను. 2018లో యూనిట్టు ధరలో కొంత తగ్గించి, ఆ మేరకు స్థిరరుసుమును విధించు పద్ధతి ఆమోదింపబడెను. తీగలు, స్తంభములు అందరికి కావలసినవే గనుక ఈ వాదమున కొంత న్యాయము లేకపోలేదు. కాని పొదుపుచేసినవానికి, ఇంటిపై సూర్యఫలకములు పరచినవానికి లాభము దీనివలన తగ్గినది. 2020లో గాలి, సూర్యుడు కలిసి ఇచ్చినది సుమారు మూడు శాతమే.

“గిరాకి లేనపుడు క్రొత్తవి ఎందుకు?” అనవచ్చును. ఈ ప్రశ్న బెల్లెఫాంట్ వంటి మహానిర్మాణములకు తగును, చిన్నవానికి తగదు. గిరాకి నిశ్చయముగ తెలియనపుడు చిన్న చిన్న భాగములుగ, ఒకటి రెండేండ్లలో కట్టదగినవే క్షేమకరములు. లెక్క తప్పినను నష్టము అల్పము. సూర్యఫలకములు, బ్యాటరీలు, ఇండ్లకు చలి చొరని కట్టుదిట్టము ఈ కోవలోనివి.

మూసిన చోట నష్టపడినవారును కలరు. కెంటకీలోని పారడైజ్ కేంద్రపు చివరి బొగ్గు యూనిట్టును మూయుటకు 2019 ఫిబ్రవరిలో, అధ్యక్షుడు ట్రంప్ బహిరంగముగ వలదన్నను, పాలకవర్గము తీర్మానించెను. 2020లో అది ఆగినది. విద్యుత్తు లెక్కలలో ఆ తీర్మానము సరియైనదే. ఐనను గనులను, పొయ్యిని నమ్ముకొన్న ఊరికి క్రొత్త జీవనము చూపుట ఏ లెక్కలోను చేరలేదు.

గిరాకి మరల వచ్చినది. ఆలబామాలో 2015లో మూతపడిన విడోస్ క్రీక్ బొగ్గు కేంద్రపు స్థలమున గూగుల్ సంస్థ కంప్యూటర్ల భవనములు లేచినవి. 2022 డిసెంబరు 23, 24 తేదీలలో తీవ్రమైన చలి కమ్మినపుడు, సంస్థ చరిత్రలోనే మొదటిసారిగ వంతులవారీగ విద్యుత్తును ఆపవలసివచ్చెను. బొగ్గును మూసినందుననే ఇట్లాయెనని కొందరు వాదించిరి. కాని ఆనాడు గడ్డకట్టి ఆగినవానిలో సంస్థకుగల అతిపెద్ద బొగ్గు కేంద్రమైన కంబర్లాండ్, మరి కొన్ని వాయు కేంద్రములు ఉన్నవి. శీతకాలపు తెల్లవారుజామున సూర్యఫలకములును ఆదుకొనజాలవు, ఇదియు ఒప్పుకొనవలెను. ఆ లోయలో పెక్కు ఇండ్లను వెచ్చచేయునది విద్యుత్తే. కావున అట్టి ఉదయమున నిజముగ ఆదుకొనునవి వెచ్చదనము జారిపోని గోడలు, దాచియుంచిన శక్తి. 1978 నుండి రకూన్ పర్వతముపై నీటిని తోడి దాచుచున్న సంస్థకు ఈ పాఠము క్రొత్తది కాదు. ఐనను కంబర్లాండ్‌లో ఒక యూనిట్టునకు బదులు 2023లోను, కింగ్‌స్టన్‌కు బదులు 2024లోను ప్రధానముగ వాయు కేంద్రములనే నిర్ణయించిరి.

చెరువులో పూడిక తీయుటకు అనువైన కాలము నీరు తగ్గిన వేసవియే. టెన్నెసీ లోయలో ఆ వేసవి పదిహేనేండ్లు సాగినది. ఆ కాలమున సంస్థ పూడిక తీసినది. పాత పొయ్యిలను చల్లార్చినది. అది చిన్న పని కాదు. కాని గట్టు పోయవలసిన పని, అనగా పొదుపు, నిలువ, చిన్న కేంద్రముల నిర్మాణము, చాలవరకు మిగిలిపోయినది. వాన మొదలైన పిమ్మట గట్టు పోయుట కష్టము, ఖర్చు. విద్యుత్తు మిగులుబాటు కనబడిన ఏ ప్రాంతమువారైనను ఈ రెండు పనులను ఒకేమారు చేపట్టుట మేలు.